పెరట్లో కూర పెంచమంటున్నారు సరే, ఏ నీళ్లతో?

ఈ మధ్య ఎవరు మైకు పట్టుకున్నా పెరటి తోట మాటే. మార్కెట్ కూరగాయల మీద మందులు ఎక్కువయ్యాయి, ఇంటి వెనుక నాలుగు మళ్లు చేసుకుని విషం లేని కూర తినండి అంటున్నారు. మాట మంచిదే. కానీ నక్కవాగు ఒడ్డున నిలబడి ఈ మాట చెప్పేవారు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ మళ్లకు పారించేది ఏ నీళ్లు?

మా ఇల్లు వాగుకు దగ్గరే. నా చిన్నతనంలో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ తప్ప అమ్మ కూరగాయల కోసం అంగడికి పోయిన గుర్తు లేదు. కంచె మీద బీర తీగ, కొట్టం మీద ఆనపకాయలు, బావి గట్టున పుంటికూర, పాలకూర. బావి నీళ్ల రంగు మారిన ఏడు మొదట కరివేపాకు చెట్టు ఎండింది. తర్వాత జామ. తెగులనుకుని వేపపిండి వేశాం, మందు కొట్టాం. నీళ్లను అనుమానించడానికి మాకు రెండేళ్లు పట్టింది.

పొలాల సంగతి అందరికీ తెలిసిందే. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం ఫ్యాక్టరీల నీళ్లు చెరువుల్లోకి, వాగుల్లోకి వచ్చాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్లు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయిన కేసులో 2017లో గానీ తీర్పు రాలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కర్మాగారం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. శుద్ధి చేశామని వదిలిన నీళ్లలో సంగతి ఇది.

ఇంత పోరాటంలోనూ లెక్కలన్నీ ఎకరాల్లో, గుంటల్లోనే నడిచాయి. పహాణీలో ఇంటి పెరడు పంట కాదు. పొలం పోతే అర్జీ పెట్టుకున్నాం, ధర్నా చేశాం. పెరడు పోయినప్పుడు ఎవరూ అర్జీ పెట్టలేదు. అది ఆడవాళ్ల పని అనుకున్నాం గనుక మన సంఘం కూడా పట్టించుకోలేదని ఒప్పుకోవాలి. వారం వారం అంగట్లో కూరగాయలకు పోసే డబ్బు ఏ నష్టపరిహారం లెక్కలోనూ లేదు.

మట్టి పరీక్ష చేయించుకోవచ్చు కదా అంటారు. భూసారపరీక్ష కార్డు తీసి చూడండి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, బోరాన్ లాంటివి 12 అంశాలు ఉంటాయి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉండవు. ఎరువు ఎంత వేయాలో చెప్పే కార్డు అది, మట్టిలో విషం ఉందో లేదో చెప్పేది కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడికమట్టి తోలుకొమ్మన్నారు. వేరే జిల్లాల్లో అది బంగారం లాంటి మట్టి. రసాయనాల నీళ్లు చేరిన చెరువుల అడుగు మట్టిని పెరట్లోకి తెచ్చుకుంటే, వాగును ఇంట్లోకి తెచ్చుకున్నట్టే.

అలాగని పెరడు వదిలేయమనడం లేదు. చేయగలిగినవి ఉన్నాయి. లోహాలు ఆకుల్లోకి, దుంపల్లోకి ఎక్కువ చేరుతాయి, కాయల్లోకి తక్కువ. అనుమానం ఉన్న నేలలో పాలకూర, తోటకూర, ముల్లంగి మానేసి బీర, కాకర, ఆనప, చిక్కుడు పెట్టుకోవడం మేలు. ఆకుకూర కావాలంటే దూరం నుంచి తెచ్చిన ఎర్రమన్ను, పశువుల ఎరువు కలిపి సంచుల్లో పెంచుకోవాలి. వాన నీళ్లు పట్టుకోండి, కప్పు మీద దుమ్ముంటుంది గనుక మొదటి వాన వదిలేయండి. ఇంకో మాట. ఫ్యాక్టరీల నుంచి చవకగా వచ్చే నీలం డ్రమ్ములు మన ఊళ్లలో ఇంటింటా కనిపిస్తాయి. వాటిలో ముందు ఏమి పోశారో అమ్మేవాడికీ తెలియదు. నీళ్లకూ వద్దు, కోసి మొక్కలు పెట్టడానికీ వద్దు.

అయితే ఇదంతా నష్టపోయినవాడు తన చేతి ఖర్చుతో చేసుకునే సర్దుబాటు. ఎర్రమన్ను ట్రాక్టరుకు, నీళ్ల తొట్టికి డబ్బులు ఎవరివి? ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉంది. సంగారెడ్డిలో పండ్ల పరిశోధన కేంద్రం ఉంది. ఇంత శాస్త్రం పక్కన ఉండి, వాగు ఒడ్డు ఇల్లాలికి తన పెరట్లో పాలకూర తినొచ్చో లేదో చెప్పేవాళ్లు లేరు. జహీరాబాద్ వైపు ఆడవాళ్లు సొంత విత్తనం దాచుకుని చిరుధాన్యాలు, కూరలు పండించుకుంటున్నారు. అదీ ఈ జిల్లానే. వాళ్లకు లేని అడ్డం మనకుంది, అది నీళ్లు.

కాబట్టి విత్తనాల కిట్టు ఇస్తామని వచ్చే అధికారిని ఊరికే పంపొద్దు. నక్కవాగు, ఇసుకవాగు పక్క ఊళ్లలో పెరటి మట్టికీ, బోరు నీళ్లకూ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరీక్షలు ఉచితంగా చేయాలని, ఫలితాలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలని, కలుషితమైన పెరళ్లకు మట్టి, నీటి తొట్టి ఖర్చు కాలుష్యం చేసినవాళ్ల నుంచే రాబట్టాలని అర్జీ రాయండి. ఈసారి సంతకాలు ఆడవాళ్లతో మొదలుపెట్టించండి. మా ఇంట్లో మొదటి సంతకం అమ్మదే.