హలాలేనా? నా చేతనవుతుందా?

ప్రియమైన పిల్లలకు,



డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిపోగానే మా వీధి పిల్లలు నా దగ్గరికొచ్చి అడిగే ప్రశ్నలు ఏటా ఒకే రకంగా ఉంటాయి. "నానీ, బ్యాంకు పరీక్షకు ఫీజు కట్టేదా వద్దా? మనకది హరామంటారు కదా?" "సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరితే అమెరికా బ్యాంకుల ప్రాజెక్టులో వేస్తారంట, చేరొచ్చా?" "హిజాబ్ వేసుకుని ఇంటర్వ్యూకు పోతే తీసుకుంటారా? ఎందుకొచ్చిన గొడవ, బీఈడీ చేసుకుని ఇంటి దగ్గరుంటే పోలా?"

నేను కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ముఫ్తీని కాను, ఫత్వా ఇచ్చే చదువు నాకు లేదు. కానీ ఏళ్ల తరబడి మీలాంటి పిల్లల మధ్య బతికినదాన్ని కాబట్టి నాకొకటి తెలుస్తూ ఉంది. మీ ఒక్కో ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఈ పని నా దీన్‌కు, అంటే మతధర్మానికి, తగినదేనా అన్నది మొదటిది. ఈ పని నా చేతనవుతుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు మతపండితులైన ఆలిమ్‌ల దగ్గర దొరుకుతుంది. రెండోదానికి జవాబు మీరు కూర్చుని చదివితే తప్ప దొరకదు. మీరు రెండు వేర్వేరు పద్దుల్ని ఒకే ఖాతాలో రాసేసి, నిల్వ ఎందుకు తేలడం లేదని బాధపడుతున్నారు.

పరీక్షంటేనే గుండె దడ పుట్టే పిల్లవాడు "వడ్డీ కొలువు మనకొద్దు నానీ" అంటాడు. ఇంట్లో మెచ్చుకుంటారు, మసీదులో భుజం తడతారు. అయితే వాడు సీఏ ఫౌండేషన్‌కు కట్టడు, గ్రూప్-2 పుస్తకం తెరవడు, వడ్డీ సోకని ఏ దారినీ వెతకడు. అలాంటప్పుడు వాణ్ణి ఆపింది వడ్డీ ఎలా అవుతుంది? ఇంకొకడు జీతం అంకె చూసి మనసు పడి, "మజ్బూరీ నానీ, జరూరత్ ఉంటే అనుమతి ఉందంట" అంటాడు. వాళ్ల నాన్నకు బజారులో నడిచే అంగడి ఉంది, తలమీద అప్పు లేదు. ఇద్దరూ అబద్ధాలాడే పిల్లలు కారు. ఒకడి భయం, ఇంకొకడి ఆశ దీన్ మాటలు అరువు తెచ్చుకున్నాయి, అంతే.

మన ప్రాంతంలో చాలామందిమి హనఫీలం. ఇమాం అబూ హనీఫా పేరు రోజూ వింటాం, ఆయన బతుకుతెరువు గురించి మాత్రం మదర్సా బయట ఎవరూ చెప్పరు. ఆయన కూఫా పట్టణంలో పట్టుబట్టల వ్యాపారి. అంగడి నడుపుతూనే చదివారు, అంగడి ఉండగానే ఇమాం అయ్యారు. ఒకసారి ఆయన భాగస్వామి లోపమున్న బట్టను ఆ సంగతి చెప్పకుండా అమ్మేశాడని, కొన్న మనిషి ఎవరో తెలియక, ఆ సొమ్మంతా ఇమాంగారు దానం చేసేశారని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఆయన్ను పిలిచి ఖాజీ (న్యాయమూర్తి) పదవి తీసుకోమన్నాడు. నేను దానికి తగనన్నారు ఇమాంగారు. అబద్ధమాడుతున్నావన్నాడు ఖలీఫా. అబద్ధమే అయితే అబద్ధాలకోరుకు ఆ పదవి ఇవ్వకూడదు, నిజమైతే నేను తగనని ముందే చెప్పాను అని ఆయన జవాబిచ్చారని చెబుతారు. జైల్లో పెట్టారు, కొరడాలతో కొట్టించారు. 767లో బాగ్దాద్‌లో కన్నుమూశారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆ కాలంలో న్యాయశాస్త్రం ఆయనకన్నా తెలిసినవాళ్లు ఎందరున్నారు? ఆయనకు లేనిది సామర్థ్యం కాదు. దర్బారు కోరిన తీర్పులు ఇవ్వాల్సి వస్తుందనే ఆయన వద్దన్నారని చరిత్రకారుల మాట. పైకి అన్నది నేను తగనని, లోపల ఉన్నది ధర్మం. మన పిల్లల దగ్గర ఇది తిరగబడింది. పైకి ధర్మం మాట చెబుతారు, లోపల నేను తగనన్న దిగులు ఉంటుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. అంత పెద్ద పదవిని కాదనగలిగిన మనిషికి సొంత అంగడి ఉంది. ఎవరి జీతం మీదా ఆయన ఇల్లు గడవడం లేదు. తప్పుడు పనిని వద్దనాలన్నా చేతిలో ఒక విద్య, ఒక సంపాదన ఉండాలి. అందుకే చదువు మానేసి కూర్చునే పరహేజ్‌గారీని (భక్తితో దూరంగా ఉండటాన్ని) నేను మెచ్చుకోలేను.

ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ కథ ఇంకోలా నడిచింది. నిరుపేద ఇంటి పిల్లవాడు. ఇంట్లో వాళ్లు ఏదో ఒక పనిలో పెట్టాలని పాఠం మధ్యలోంచి లాక్కుపోతుంటే, గురువే డబ్బిచ్చి చదివించారని చెబుతారు. ఆ శిష్యుడు గురువు వద్దన్న దారిలోకే వెళ్లారు, ఖాజీ అయ్యారు. ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలంలో రాజ్యానికంతటికీ పెద్ద ఖాజీ అయ్యారు. ఆ పదవి పొందిన మొదటి మనిషి ఆయనే. ఖలీఫా అడిగితే పన్నుల మీద 'కితాబుల్ ఖరాజ్' రాశారు. పన్ను వసూలు కోసం జనాన్ని కొట్టకూడదని, ఎండలో నిలబెట్టకూడదని అందులో పాలకుడికే చెప్పారు. 798లో పోయారు. వద్దన్న గురువునూ, ఒప్పుకున్న శిష్యుణ్ణీ మనం ఒకే గౌరవంతో తలుచుకుంటాం. కాబట్టి సర్కారు కొలువు అనగానే దీన్ పోతుందని గానీ, ఏ కొలువైనా పరవాలేదని గానీ ఒక్క మాటలో తేల్చే పెద్దవాళ్లు చెప్పేది పూర్తిగా నమ్మకండి. ఆ కుర్చీలో కూర్చుంటే మీ చేత ఏం చేయిస్తారు, ఏం చేయనిస్తారు అన్నది అడగండి.

పెద్ద ఉద్యోగం కోరుకోవడమే గర్వమని అనుకునే పిల్లలు కొందరున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. ఖురాన్‌లో హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం కథ మీకు తెలిసిందే. కలకు అర్థం చెప్పినందుకు రాజు జైలు నుంచి పిలిపిస్తే వెంటనే వెళ్లలేదు. ముందు నా మీద పడ్డ నింద సంగతి తేల్చమన్నారు. నింద తొలగాకే వెళ్లి, దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పజెప్పమని ఆయనే అడిగారు. తాను నమ్మకంగా కాపాడగలనని, ఆ పని తెలిసినవాణ్ణని తన నోటితోనే చెప్పుకున్నారు. అదీ తన మతం కాని రాజు దగ్గర. ఏడేళ్ల పంట దాచి, తర్వాతి ఏడేళ్ల కరువులో పంచాలి. ఆయన అడిగింది అంత బరువైన లెక్క. మీరూ పెద్దది కోరండి. ఆ కోరికతోపాటు మోయాల్సిన బరువేమిటో కూడా తెలుసుకుని కోరండి.

దిగులు గురించైతే హజ్రత్ మూసా అలైహిస్సలాం ఉన్నారు. ఈజిప్టు రాజు ఫిర్‌ఔన్ దగ్గరికి వెళ్లమని ఆజ్ఞ వచ్చినప్పుడు ఆయన తన భయాన్ని దాచలేదు. నా చేతిలో ఒక మనిషి ప్రాణం పోయింది, వాళ్లు నన్ను చంపుతారేమో అన్నారు. నాలుక సరిగా తిరగదన్నారు. అయితే పని వద్దనలేదు. నాకన్నా బాగా మాట్లాడే అన్న హారూన్‌ను తోడివ్వమన్నారు. అల్లాహ్ ఇచ్చాడు. ప్రవక్తకే ఆ భయం కలిగితే, తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు నోరు తిరగని మీకు కలగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. భయముందని చెప్పండి, తోడు అడగండి. ఇంగ్లీషు నేర్పే స్నేహితుడు, లెక్కలు చెప్పే సీనియర్, ఫారం నింపిపెట్టే అక్క, ఎవరైనా సరే.

మనవాళ్లకు ఉద్యోగాలివ్వరు అనే మాట మీరు పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. వివక్ష లేదని నేను చెప్పను. దేశంలో ముస్లింల స్థితిగతుల మీద వేసిన సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ఐఏఎస్‌లలో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లలో 4 శాతం అని తేలింది. అప్పటికి దేశ జనాభాలో మనం 13.4 శాతం. ఈ అంకెలు బాధ పెట్టేవే. అయితే వాటిని చూపించి దరఖాస్తే పెట్టకపోతే ఆ అంకెలు మరీ కిందికి పోతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడు, 2007లో, మనలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. సర్టిఫికెట్ సమయానికి తీసుకోని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మీకు వర్తిస్తుందో లేదో కనుక్కుని ముందే తెచ్చిపెట్టుకోండి.

ఇక బ్యాంకు సంగతి. దీన్ని మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు. వడ్డీ తినేవాడితోపాటు ఇచ్చేవాణ్ణీ, పత్రం రాసేవాణ్ణీ, సాక్షుల్నీ కలిపి హదీసులో హెచ్చరిక ఉంది. అందుకే నేరుగా వడ్డీ రాతకోతలున్న కొలువును మన దేవ్‌బంద్ ఆలిమ్‌లు సాధారణంగా ఒప్పుకోరు. యూసుఫ్ అల్ ఖర్జావీ లాంటి ఆలిమ్ మాత్రం, బ్యాంకులో ప్రతి పనీ వడ్డీ పని కాదని, ముస్లింలు ఆ విద్యకు పూర్తిగా దూరమైతే మేలు కన్నా కీడే ఎక్కువని అన్నారు. రెండు మాటలూ చదివిన ఆలిమ్‌లవే. మీరు చేయాల్సింది, నమ్మకమున్న ఒక ఆలిమ్ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పడం. అప్పు మంజూరు చేసే పనా, కంప్యూటర్ల భద్రత చూసే పనా, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వేరే దారి ఉందా, అంతా చెప్పండి. నచ్చిన జవాబు వచ్చేదాకా నలుగురు మౌలానాల చుట్టూ తిరగకండి. నా మటుకు నాకు, వేరే దారి ఉన్నవాళ్లు ఆ దారిలోనే పోవడం మేలనిపిస్తుంది. ఇప్పటికే కొలువులో ఉండి ఇంటిని మోస్తున్నవాళ్లు రేపే రాజీనామా చేసి పిల్లల్ని పస్తు పెట్టడం కాకుండా, ఇంకో పని గట్టిగా వెతుక్కుని దొరికాక మారమని చాలామంది ఆలిమ్‌లు చెబుతారు.

వడ్డీలేని బ్యాంకు మన దేశంలో వస్తుందని కాచుకుని కూర్చోకండి. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ అలాంటి ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసింది. రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచనను 2017లో పక్కన పెట్టింది. ఉన్న దారులు చూద్దాం. సీఏలో ఆర్టికల్‌షిప్ 2023 నుంచి మూడేళ్లకు బదులు రెండేళ్లే అయింది. పేదింటి పిల్లలకు అది చాలా పెద్ద తేడా. కాస్ట్ అకౌంటెన్సీ ఉంది, జీఎస్టీ ప్రాక్టీసు ఉంది. మన రాయచోటి, కడప వైపు నుంచి ఎంతోమంది కువైట్‌కు డ్రైవర్లుగా, ఇంటి పనివాళ్లుగా పోతున్నారు. వాళ్ల కష్టం మీదే ఇక్కడ ఇళ్లు లేచాయి, వాళ్లను తక్కువ చేసే మాట నా నోట రాదు. అదే కువైట్‌లో 1977లో స్థాపించిన కువైట్ ఫైనాన్స్ హౌస్ వడ్డీ లేకుండా బ్యాంకు నడుపుతోంది. బహ్రెయిన్‌లోని అయోఫీ సంస్థ అలాంటి బ్యాంకులకు అకౌంటింగ్ ప్రమాణాలు రాస్తుంది, ఆడిటర్లకు పరీక్షలు పెడుతుంది. మన బీకాం పిల్లలు ఆ పరీక్ష పేరైనా ఎందుకు వినలేదు?

మధ్యలో ఒక మాట పెద్దవాళ్లకు. కట్నం లెక్కపెట్టి తీసుకున్న ఇంట్లో కూర్చుని, కొడుకు జీతం హలాలా కాదా అని ముఫ్తీని అడగడం నేను చూశాను. పెళ్లికొడుకు మెహర్ ఇవ్వాలన్నది దీన్. ఆడపిల్ల తండ్రి దగ్గర పుచ్చుకోమన్నది ఎక్కడుంది? పిల్లలు ఇవన్నీ చూస్తున్నారు. హలాల్ అన్న మాట వాళ్ల సంపాదన దగ్గరే గుర్తొస్తే వాళ్లకు దాని మీద గౌరవం ఎలా నిలుస్తుంది?

మేలైన దారి చూపమని చేసే ఇస్తిఖారా ప్రార్థన గురించి చాలామంది అడుగుతారు. రెండు రకాతుల నమాజు చదివి పడుకుంటే కలలో పచ్చరంగో తెల్లరంగో కనిపించాలని కాచుకుంటారు. కనిపించకపోతే మళ్లీ మళ్లీ చదువుతారు, ఈలోపు దరఖాస్తు గడువు దాటిపోతుంది. కల రావాలన్నది షరతు కాదని ఆలిమ్‌లే చెబుతారు. ఆ దుఆలో అడిగేది, ఈ పని నా దీన్‌కు, నా బతుకుతెరువుకు, నా ముగింపుకు మేలైతే సులువు చేయమని, కీడైతే తప్పించమని. బతుకుతెరువు అన్న మాట దుఆలోనే ఉంది చూడండి. ముందు ఆ ఉద్యోగం చేస్తున్నవాళ్లతో మష్వరా (సంప్రదింపు) చేయండి. పనివేళలు, శుక్రవారం జుమా నమాజుకు వీలు, బదిలీలు, అన్నీ కనుక్కోండి. ఆ తర్వాత ఇస్తిఖారా చేసి, ఫారం నింపి, చదవడం మొదలుపెట్టండి. మేలు కాకపోతే అల్లాహ్ తప్పిస్తాడు.

హిజాబ్ గురించి అడిగిన అమ్మాయికి ప్రత్యేకంగా రాస్తున్నాను. బీఈడీ మంచి చదువే, నువ్వు పాఠం చెప్పాలని కోరుకుంటే. ఇంటర్వ్యూ భయంతో చేస్తే మాత్రం అక్కడా ఆ భయం నీతోనే వస్తుంది. నీకు లా ఇష్టమని మీ అమ్మ చెప్పింది. కేరళలో పుట్టిన ఎం. ఫాతిమా బీవీ 1950లో అడ్వకేట్‌గా చేరి, మున్సిఫ్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి, 1989లో సుప్రీంకోర్టుకు వచ్చిన మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025లో మళ్లీ నియమం పెట్టింది. అంటే చదువయ్యాక కోర్టుకు పోవాలి, ఒక సీనియర్ దగ్గర కూర్చోవాలి. మీ నాన్న ఒప్పుకోరని భయపడుతున్నావు. ఆయన భయం దీన్ గురించా, నిన్ను కోర్టులో మగవాళ్ల మధ్య ఎవరేమంటారో అనా? రెండింటికీ వేర్వేరు జవాబులున్నాయి. మనకు తెలిసిన ఏ సీనియర్ దగ్గర మంచి వాతావరణం ఉందో నేను కనుక్కుంటాను. మీ నాన్నతో నేనే మాట్లాడతాను, నువ్వు పక్కనే ఉండాలి, నీ మాట నువ్వే చెప్పాలి.

మిగతావాళ్లు ఈ వారంలో ఒక పని చేయండి. ఒక కాగితం మీద మీకు నచ్చిన ఉద్యోగం పేరు రాసి, ఆలిమ్‌ను అడగాల్సినవి ఒక వైపు, మీరు చదివి నేర్చుకోవాల్సినవి ఇంకో వైపు రాసుకుని రండి. అకౌంటెన్సీ, కాస్టింగ్, ట్యాక్స్ పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపోవచ్చు. జుమా నమాజు అయ్యాక సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటాను.

దుఆలతో,
మీ నానీ