వడోద్ ఈస్టర్: బాప్తిస్మానికి కలెక్టర్ అనుమతి

సూరత్‌లో పాండేసరా మిల్లుల పక్కన వడోద్ ఉంది. అక్కడ ఒక సందులో, పై అంతస్తులో, ప్రార్థనల కోసం అద్దెకు తీసుకున్న హాలు ఒకటుంది. బోర్డు లేదు. ఈ వారం మెట్ల పక్క గోడకి ఒక కాగితం అంటించారు. గురువారం సాయంత్రం ప్రభు రాత్రి భోజనం, శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటలు, 20వ తేదీ ఆదివారం తెల్లవారుజామున మేడ మీద ఈస్టర్ ఆరాధన, ఆ తరవాత అందరికీ భోజనం. దాని కింద భాషల పేర్లు: హిందీ, గుజరాతీ, ఒడియా, మరాఠీ, తెలుగు. చివర్లో ఇంకో లైను. బాప్తిస్మ తరగతి ఎప్పటిలాగే శనివారం రాత్రి ఎనిమిదింటికి ఉంటుందని. తరగతి ఉంది. బాప్తిస్మం ఏ రోజో మాత్రం కాగితంలో ఎక్కడా లేదు.

తెలుగు వలస కార్మికుల మీద నా పరిశోధన. ఆ పని మీదే సూరత్ వస్తూ పోతూ ఈ హాలు చేరాను. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు తరాలుగా ఇక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులు, ఖాన్‌దేశ్ మరాఠీలు, తాపీ, డాంగ్ జిల్లాల ఆదివాసీలు, ఉత్తరప్రదేశ్, బీహార్ కూలీలు అందరూ ఇక్కడే, ఈ పన్నెండు గంటల షిఫ్టుల్లోనే. వాళ్లలో కొద్దిమంది ఆదివారం ఈ హాల్లో చాపల మీద కూర్చుంటారు. ప్రసంగం హిందీలో. పాటలు వంతులవారీగా అన్ని భాషల్లో. తెలుగు పాట వచ్చినప్పుడు ఒడియా వాళ్లు చప్పట్లు తప్పుగా కొడతారు, ఎవరూ ఏమనుకోరు. నాకు ఆ హాలు ఇష్టం. ఇకపై రాసేదంతా ఆ ఇష్టంతోనే చదవమని మనవి.

ఆ శనివారం తరగతిలో ఒక అన్న ఉన్నాడు. కరీంనగర్ దగ్గర పల్లె. మాదిగ. ఇరవై ఏళ్ల కింద వచ్చి డైయింగ్ మిల్లులో పనికి కుదిరాడు. నాలుగేళ్లుగా తరగతికి వస్తున్నాడు. పాఠాలన్నీ నోటికి వచ్చు. పాస్టరు గారికి ఆలస్యమైతే కొత్తవాళ్లకి తనే చెప్తాడు. కానీ బాప్తిస్మం పుచ్చుకోలేదు. ఎందుకన్నా అని అడిగితే ముందు షిఫ్టు అన్నాడు, తరవాత మోకాలి నొప్పి అన్నాడు. మూడోసారి అడిగినప్పుడు అసలు మాట చెప్పాడు. "మునిగితే నేనొక్కన్నే మునుగుత అనుకున్నవా చెల్లె? ఆడ పిల్లగాడు గూడ మునుగుతడు."

పిల్లగాడు కరీంనగర్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. 2025 ఏప్రిల్ 14, సోమవారం, బాబాసాహెబ్ జయంతి రోజునే తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ వర్గీకరణను అమల్లోకి తెచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి, మాదిగలున్న రెండో గ్రూపుకి 9 శాతం ఇచ్చింది. మూడు దశాబ్దాల దండోరా పోరాటం తరవాత దక్కిన వాటా అది. అన్న ఆ వార్తను ఫోన్‌లో నాకు రెండుసార్లు చూపించాడు. అదే వారంలో మట్టల ఆదివారం, అదే వారంలో ఈస్టర్. సంతోషించాల్సిన రెండు విషయాలు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

మేజరైన కొడుకు హిందువుగా ఉన్నంతకాలం తండ్రి బాప్తిస్మం వల్ల వాడి హోదా దానంతటది పోదు కదా అని నేను చట్టం మాట్లాడాను. అన్న నవ్వాడు. "ఎంక్వైరీకి వచ్చేటోడు సట్టం సదువుకొని రాడు. ఇంట్ల గోడ మీద ఏ పటం ఉందో సూస్తడు."

ఇంతకీ ఈస్టర్ అంటేనే బాప్తిస్మపు పండుగ. తొలి శతాబ్దాల సంఘంలో కొత్తగా చేరేవాళ్లు నెలలు, సంవత్సరాలు తరగతులకు వచ్చి, ఈస్టర్ ముందు రాత్రి జాగరణ చేసి, తెల్లవారేలోగా నీళ్లలో దిగేవారు. మనం ఇప్పుడు పాటించే నలభై శ్రమల దినాలకి ఆ శిక్షణతో దగ్గరి సంబంధం ఉంది. బాప్తిస్మాన్ని వాయిదా వేసుకున్నవాళ్లలో చరిత్రలో అందరికీ తెలిసినవాడు కాన్‌స్టంటైన్ చక్రవర్తి. 337లో మరణశయ్య మీద గానీ పుచ్చుకోలేదు. ముందే పుచ్చుకుంటే ఆ తరవాత చేసే పాపాల సంగతేమిటన్న భయం ఆ కాలంలో చాలామందికి ఉండేది. వడోద్ అన్నకి పాపాల భయం లేదు. తహసీల్దారు భయం ఉంది.

ఇక్కడ కలెక్టరు భయం కూడా ఉంది. గుజరాత్ మత స్వేచ్ఛ చట్టం 2003లో వచ్చింది. పేరు చూసి మోసపోకూడదు. బాప్తిస్మం ఇచ్చే పాస్టరు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పుచ్చుకున్న మనిషి తరవాత తన వంతుగా తెలియజేయాలి. బలవంతం, ప్రలోభం, మోసం రుజువైతే మూడేళ్ల వరకు జైలు. మతం మారిన మనిషి మైనరో, స్త్రీయో, ఎస్సీయో, ఎస్టీయో అయితే నాలుగేళ్లు, జరిమానా రెట్టింపు. 2021 సవరణతో పెళ్లిళ్లు కూడా ఈ చట్టం కిందికి వచ్చాయి, శిక్షలు ఇంకా పెరిగాయి. ఆ జాబితాను ఒకసారి నిదానంగా చదవండి: మైనరు, స్త్రీ, ఎస్సీ, ఎస్టీ. సొంతంగా ఆలోచించి నిర్ణయం తీసుకోలేరని రాజ్యం ఎవరిని అనుకుంటోందో అందులో బాహాటంగా రాసి ఉంది. పెద్ద కులపు మగవాడు మతం మారితే అది ఆత్మాన్వేషణ. దళితుడు మారితే ఎవరో మార్చారు.

ఇది క్రైస్తవుల గొడవ కదా అనుకునే మిత్రులకు ఒక గుర్తు. 2024 ఏప్రిల్‌లో, జయంతికి కొద్ది రోజుల ముందే, గుజరాత్ హోంశాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. బౌద్ధాన్ని వేరే మతంగానే చూడాలని, హిందూమతం నుంచి బౌద్ధంలోకి వెళ్లాలన్నా ఇదే చట్టం కింద ముందస్తు అనుమతి తప్పనిసరని. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో చేసిన పనిని ఇవాళ సూరత్‌లో చేయాలంటే ముందు దరఖాస్తు పెట్టుకుని, కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరగాలి.

కలెక్టరు దాటితే మూడో పేరా. 1950 రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వులోని ఈ పేరా ప్రకారం మొదట హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అంటే నాగపూర్‌లో దీక్ష తీసుకున్నవాళ్లు కేంద్రం దృష్టిలో తిరిగి ఎస్సీలు కావడానికి 34 ఏళ్లు పట్టింది. క్రైస్తవులకు, ముస్లింలకు ఇప్పటికీ లేదు. ఆ పేరాను తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్‌కు రెండేళ్ల గడువు ముగిశాక, 2024లో ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చారు. ఈలోగా, 2024 నవంబర్ 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళకు ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించింది. పసిబిడ్డగా ఉన్నప్పుడు పొందిన బాప్తిస్మాన్ని, పెద్దయ్యాక చర్చికి వెళ్లడాన్ని సాక్ష్యాలుగా చూసి, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. పసిబిడ్డ చేసిన మోసం.

వడోద్ హాల్లో ఒకే చాప మీద ఈ చట్టం ఎలా పనిచేస్తుందో చూడొచ్చు. అన్న పక్కన కూర్చునే గామిత్ ఆదివాసీ అక్క చిన్నప్పుడే బాప్తిస్మం పొందింది. ఆమె ఎస్టీ హోదా చెక్కుచెదరలేదు, ఎస్టీ జాబితాకు మతం షరతు లేదు కాబట్టి. (దాన్ని కూడా పీకేయాలని 'డీలిస్టింగ్' సభలు జరుగుతున్నాయి, అది వేరే వ్యాసం.) అన్నకేమో గుజరాత్‌లో ఎస్సీ రిజర్వేషన్ ఎలాగూ వర్తించదు. వలస వెళ్లినవాడి హోదా సొంత రాష్ట్రంలోనే చెల్లుతుందని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. అది కూడా మన తెలుగువాడి కేసే, మర్రి చంద్రశేఖరరావు కేసు. అందుకే అన్న కొడుకు అమ్మమ్మ ఇంట్లో ఉండి కరీంనగర్‌లో చదవాల్సి వచ్చింది. రిజర్వేషన్ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోయింది. కులం మాత్రం రైలెక్కి వచ్చింది. సూరత్‌లో తెలుగువాళ్ల సందుల్లో గది అడిగితే ఇంటి పేరు, ఊరు, ఊళ్లో ఇల్లు ఏ వైపు అని వరుసగా అడుగుతారు. అన్న చివరికి ఒడియా వాళ్ల మధ్య గది తీసుకున్నాడు.

ఇందులో నా కథ కూడా ఉంది. మాది ఒంగోలు వైపు మాదిగ బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ప్రాంతం మాది. ఆ సంఖ్యను మా నాయనమ్మ ఇంటి పేరు చెప్పినంత తేలిగ్గా చెప్పేది. క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. ఆయనకంటే ముందే మాదిగపల్లెల్లో తిరిగి జనాన్ని కదిలించిన యర్రగుంట్ల పేరయ్య మనవాడని మాత్రం ఆమె ప్రత్యేకంగా చెప్పేది. మా పెదనాన్న కాగితాల్లో హిందూ మాదిగ. మా నాన్న చర్చిలో పనిచేశాడు కాబట్టి దాచడం కుదరలేదు, బీసీ-సీ తీసుకున్నాడు. మతం మారిన ఎస్సీ క్రైస్తవులకు మన దగ్గర ఉన్న ఒక్క శాతం కోటా అది. ఒకే ముంగిలి, ఒకే గొడ్డు కూర, ఒకే తిట్లు. పెదనాన్న పిల్లలు ఎస్సీలు, మేము బీసీలు. యూనివర్సిటీలో నేను ఓబీసీ విద్యార్థిని. హాస్టల్లో నన్ను చూసి ఎవరూ ఓబీసీ అనుకోలేదు. 1985లో కారంచేడులో గొడ్డళ్లతో తరిమినవాళ్లు బాప్తిస్మ సర్టిఫికెట్లు చూడలేదు. చనిపోయినవాళ్లలో మోషే, యెహోషువ అనే పేర్లున్నాయి.

రాజ్యం సంగతి ఇది. హాలు సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు కులం ప్రస్తావన తెస్తే పాస్టరు గారు మెల్లగా, "ఇక్కడ కులం లేదమ్మా, అన్ని సంస్కృతులూ ఉన్నాయి" అన్నారు. ఆయన మంచివారు. కానీ సరిగ్గా మూడో పేరా అనేదీ అదే కదా, క్రైస్తవంలో కులం లేదు కాబట్టి నువ్వు ఎస్సీవి కాదు అని! సంఘం విశ్వాసంతో అన్న మాటను రాజ్యం తన వాదనగా వాడుకుంటోంది. భాషలను గోడ మీద రాయగలిగిన సంఘం కులాన్ని నోటితో కూడా అనలేకపోతోంది. బహుళ సంస్కృతి అన్న మాటలో ఒక సౌకర్యం ఉంది. పద్మశాలీ చెల్లెలు, మాదిగ అన్న ఇద్దరూ 'తెలుగువాళ్లు' అయిపోతారు. ఈస్టర్ భోజనానికి తెలుగువాళ్ల వంతు పులిహోర. ఎవరింట్లో వండాలన్నప్పుడు జరిగే చర్చ, అన్న ఇల్లు దూరమని ప్రతి ఏడూ తేలడం, వీటిని ఏ సంస్కృతి కింద రాసుకోవాలో నా ఫీల్డ్ నోట్సులో గడి లేదు.

బాబాసాహెబ్ ఈ మాట ఎప్పుడో అన్నారు. మతం మారిన అంటరానివాళ్ల స్థితి మీద ఆయన రాసిన వ్యాసాలు ఐదో సంపుటంలో ఉన్నాయి. చర్చి కులంతో రాజీపడిందని, మారినవాళ్లు తమ లౌకిక హక్కుల కోసం పోరాడటం లేదని ఆయన కోపం. మన క్రైస్తవులు ఆ వ్యాసాలు చదవరు. మన అంబేడ్కరైట్లు చదువుతారు గానీ, ఆయన్ని తప్పించుకోవడానికి క్రైస్తవులు వాడే సాకునే తిరగేసి వాడతారు. "మీరు చర్చివాళ్లు కదా, మీకు మాతో ఏం పని" అని నన్ను జయంతి కమిటీలోనే అడిగారు. అడిగింది మా పెదనాన్న కొడుకు వయసువాడే.

1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించిన మనిషి, 1956 దాకా 21 ఏళ్లు చదువుతూ, బేరీజు వేస్తూ ఉండిపోయాడు. అంత సుదీర్ఘమైన తరగతి ఏ చర్చీ నడిపి ఉండదు. ఆ సమయం ఆయన తనకు తాను ఇచ్చుకున్నాడు. అన్న నాలుగేళ్లుగా ఆగింది మాత్రం ఆలోచన తెగక కాదు. అందుకే మూడో పేరా మీద, ఈ మత స్వేచ్ఛ చట్టాల మీద మాట్లాడాల్సిన బాధ్యత క్రైస్తవ సంఘాలకు ఎంతో బౌద్ధులకూ అంతే. కొత్త వర్గీకరణలో వాటా పొందిన మాదిగలకూ అంతే. అదే వాడలో, అదే రక్తంలో పుట్టి బీసీ-సీ అయినవాళ్లు ఆ 59 కులాల లెక్కలో లేరు. మన డిమాండ్లలోనైనా ఉన్నారా?

ఆదివారం ఉదయం ఐదింటికి మేడ మీద ఆరాధన. మా ఊళ్లో అయితే ఆ వేళకి కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్తారు. ఇక్కడివాళ్ల సమాధులన్నీ సొంత ఊళ్లలో ఉన్నాయి, కాబట్టి మేడ. అన్నకి శనివారం రాత్రి షిఫ్టు పడింది. అయిపోయేసరికి ఏడవుతుంది, భోజనానికి వస్తానన్నాడు.

శుక్రవారం ఏడు మాటల్లో నాలుగోది తెలుగులో నన్ను చెప్పమన్నారు. సిలువ మీద దిక్కులేనివాడిలా కేక వేసిన మాట అది. మూడో పేరా గురించి మాట్లాడతానని పాస్టరు గారికి ముందే చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, పది నిమిషాలకు మించకూడదన్నారు, హిందీలోకి తనే అనువదిస్తానన్నారు.