వంగని బొటనవేలికి మెత్తని చెప్పు మందు కాదు

నడిచేటప్పుడు మడమ లేచాక ఒంటి బరువులో చాలా భాగం కాలి బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద పడుతుంది. ఆరోగ్యంగా ఉంటే ఆ కీలు దాదాపు 65 డిగ్రీలు పైకి వంగుతుంది. అది బిగుసుకుపోతే నడకే మారిపోతుంది. మనిషి పాదం బయటి అంచు మీద బరువు మోపుతాడు, అడుగులు చిన్నవవుతాయి. మునివేళ్ల మీద కూర్చోవడం, మెట్లెక్కడం, నమాజులో కూర్చోవడం కష్టమవుతాయి.

వేలి కదలిక తగ్గిన దశను వైద్యులు హాలక్స్ లిమిటస్ అని, కీలు అరిగి బిగుసుకుపోతే హాలక్స్ రిజిడస్ అని అంటారు. పాదంలో కీళ్ల అరుగుదల అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇక్కడే. బాస్కెట్‌బాల్ దిగ్గజం షకీల్ ఒనీల్ 2002లో కుడి బొటనవేలి కీలుకు ఆపరేషన్ చేయించుకుని, ఆ సీజన్‌లో మొదటి 12 మ్యాచ్‌లకు దూరమయ్యాడు.

మన దగ్గర ఈ నొప్పిని వయసు ఖాతాలో వేసేస్తారు. నొప్పి మాత్ర, ఆపైన ‘మెత్తటి చెప్పులు వేసుకోండి’ అన్న సలహా. చిక్కంతా ఆ సలహాలోనే ఉంది. అరిగిన కీలు నొప్పి పెట్టేది వంగినప్పుడు. చెప్పు ఎంత సులువుగా వంగితే, వేలూ అంతగా వంగుతుంది.

పైగా ఈ బాధ రెండు రకాలు. కొందరికి కూర్చుని చేత్తో వంచితే వేలు బాగానే వంగుతుంది, నిలబడి బరువు మోపగానే బిగుస్తుంది. వీళ్లకు పాదం వంపును నిలబెట్టి, బొటనవేలి వెనక పాదంలో ఉన్న ఎముక కింద కాస్త గుంట వదిలిన ఇన్‌సోల్ కావాలి. ఆ ఎముక కిందికి దిగితే వేలు వంగడానికి వీలు చిక్కుతుంది. మరికొందరికి కీలు అరిగి, పైన ఎముక బొడిపె పెరిగి, చేత్తో వంచినా వేలు కదలదు. వీళ్లకు బొటనవేలి చివరి దాకా సాగిన కార్బన్ ఫైబర్ పలక వంటి గట్టి ఆధారం, లేదా ముందు భాగం గుండ్రంగా పైకి లేచిన గట్టి అడుగున్న బూటు కావాలి. మొదటిది వేలిని కదలనిస్తుంది, రెండోది కదలనివ్వదు. ఒకరిది ఇంకొకరికి ఇస్తే నొప్పి పెరగవచ్చు.

ఇన్‌సోళ్ల వల్ల మేలుందా? 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 772 మంది రోగుల్లో 55 శాతం మందికి ఆపరేషన్ లేకుండానే ఉపశమనం దొరికింది. వాళ్లలో ఎక్కువ మందికి పనిచేసింది ఇన్‌సోళ్లే. ఆస్ట్రేలియాలో 100 మందిపై జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, 12 వారాలకు ఉత్తుత్తి ఇన్‌సోళ్ల కంటే కార్బన్ ఫైబర్‌వి నొప్పిని ఎక్కువగా తగ్గించాయి. అయినా అందరికీ ఖరీదైన, అచ్చు తీసి చేసిన ఇన్‌సోలే అక్కర్లేదు. కానీ అందరికీ వేలిని పరీక్షించి తీరాలి. వేళ్లు వంకరపోయిన వాళ్లకు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన వాళ్లకు మాత్రం కొలతలతో చేసినవే క్షేమం. స్పర్శ లేని పాదంలో బొటనవేలు బిగుసుకుంటే దాని కింద ఒత్తిడి పెరిగి పుండు పడే ప్రమాదం ఉంది.

మన వాళ్లలో చాలామంది వేసుకునేది చెప్పులే. వాటిలో ఇన్‌సోల్ నిలవదు. కాబట్టి ఆ ఆకారాన్ని చెప్పులోనే కట్టాలి. ఇది మన దేశానికి కొత్త విద్య కాదు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం కుష్ఠు రోగుల పాదాలను కాపాడేందుకు ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులను దశాబ్దాల కిందటే వాడుకలోకి తెచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన 50 ముఖ్య సహాయక ఉపకరణాల జాబితాలో వైద్యపరమైన పాదరక్షలు కూడా ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి పాదరక్షలు, ఇన్‌సోళ్లు అమర్చే అర్హత గల నిపుణుణ్ని (ఆర్థోటిస్టును) నియమించాలి. షుగర్ క్లినిక్‌లలో పాదాల పరీక్షలో బొటనవేలి కదలికనూ చేర్చాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో ఈ పాదరక్షలకు స్పష్టమైన చోటు ఇవ్వాలి.

బొటనవేలి నొప్పి వారాల తరబడి తగ్గకపోతే ఎముకల వైద్యుణ్ని కలవండి. ఒకసారి కూర్చోబెట్టి, ఒకసారి నిలబెట్టి మీ వేలిని వంచి చూడకుండా ఇన్‌సోల్ అమ్మజూపే వారికి డబ్బు కట్టకండి.