కలిసి సాగే ప్రయాణం

మిత్రులతో కలిసి మోటారు సైకిళ్ల మీద యాత్రకు వెళ్లడమంటే నేటి యువతకు ఎంతో మక్కువ. అయితే ఒకే దారిన వెళ్తున్నంత మాత్రాన అందరూ ఒకే విధంగా బండి నడపరు. ఒకరికి 'ఆలస్యం అమృతం విషం' అన్నది నీతి అయితే, మరొకరికి 'నిదానమే ప్రధానం' అన్నది నియమం. ఈ ఇద్దరూ కలిసి బయలుదేరినప్పుడు ఎవరి వేగాన్ని అందరూ పాటించాలి? అందరికంటే నెమ్మదిగా నడిపే వాని వేగాన్నే పాటించాలన్నది నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు ఒక అనుభవం వల్ల కలిగింది.

కొన్నేళ్ల క్రితం మేము ఐదుగురం గద్వాల నుంచి శ్రీశైలానికి బయలుదేరాము. ఎర్రవల్లి చౌరస్తాలో జాతీయ రహదారిని అందుకొని, బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటి, పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేటల మీదుగా మన్ననూరు చేరాలని అనుకున్నాము. అక్కడి నుంచి దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆ అడవి దారిలో రాకపోకలకు అనుమతి లేదు. అందువల్ల మాలో ఇద్దరు మొదటి నుంచీ తొందరపడ్డారు.

విశాలమైన జాతీయ రహదారి మీద ఆ తొందర వల్ల కీడు కలుగలేదు. వనపర్తి దాటిన తరువాత దారి ఇరుకైంది. ఒకచోట మలుపు పక్కనే రైతులు వడ్లు ఆరబోశారు. అందరికంటే వెనుక వస్తున్న మిత్రుడు ఆ మలుపులో వేగాన్ని అదుపు చేసుకోలేక వడ్ల మీదికి వెళ్లి జారిపడ్డాడు. హెల్మెట్ ఉండటం వల్ల తలకు దెబ్బ తగలలేదు కాని చేయి విరిగింది. ముందు వెళ్లిన ఇద్దరికీ ఈ సంగతి అరగంట వరకు తెలియనే లేదు. "నీవు ఎప్పుడూ నెమ్మదిగా నడుపుతావు కదా, ఇవాళ ఎందుకింత తొందరపడ్డావు?" అని అడిగాను. "మీరెవరూ కనిపించలేదు. నావల్ల అందరికీ ఆలస్యమవుతోందని సిగ్గేసింది" అన్నాడతడు.

ఆ మాట నేను నేటికీ మరువలేదు. వేగంగా నడిపేవాడు తనకు అలవాటైన వేగంతోనే వెళ్తాడు. అతనిని అందుకోవాలని ప్రయత్నించేవాడు మాత్రం తనకు చేతకాని వేగంతో వెళ్తాడు. బృందంలో ఎక్కువ ప్రమాదం పొంచి ఉండేది అతనికే. అతనిని ఆ స్థితికి తెచ్చింది ముందున్న మనమే.

ఇంతకూ ఈ తొందర వల్ల మిగిలేదెంత? 40 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 40 నిమిషాల్లో, 80 కిలోమీటర్ల వేగంతో 30 నిమిషాల్లో దాటవచ్చు. మిగిలేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ వెనుకవారి కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోతాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఈ లెక్క ముందు పది నిమిషాల లాభం ఏపాటిది?

"మరీ నెమ్మదిగా నడిపితే విసుగు పుడుతుంది, నిద్ర వస్తుంది" అని కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అటువంటివారు చట్టం విధించిన వేగపరిమితికి లోబడి, ముందుగా అనుకున్న చోటికి చేరి, అక్కడ ఆగవచ్చు. అయితే "మమ్మల్ని అందుకోవలసిన పనిలేదు, నీ తీరున నీవు రా" అని వెనుకవానికి బయలుదేరే ముందే చెప్పాలి. అలా చెప్పకుండా కనుమరుగు కావడమే తప్పు.

కలిసి వెళ్లదలచినవారు కొన్ని పద్ధతులు పాటించాలి. నెమ్మదిగా నడిపేవానిని ముందు బండి వెనుకనే ఉంచాలి. అనుభవజ్ఞుడు చివర రావాలి. బండికీ బండికీ మధ్య కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలి. 60 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 33 మీటర్లు అవుతుంది. దారి మళ్లే ప్రతిచోటా వెనుకవాడు అద్దంలో కనిపించేవరకు ఆగాలి. ప్రతి ఒక్కరూ తన వెనుకవానిని చూసుకుంటే చాలు, బృందంలో ఎవరూ తప్పిపోరు.

విద్యార్థులారా! గేర్లున్న మోటారు సైకిల్ నడపడానికి 18 సంవత్సరాలు నిండాలి, లైసెన్సు ఉండాలి. ఆ అర్హత పొంది మీరు యాత్రకు బయలుదేరిన నాడు, ఎవరు ముందు చేరారన్నది లెక్కపెట్టకండి. బయలుదేరిన వారందరూ క్షేమంగా చేరారా లేదా అన్నది చూడండి. మేము ఆనాడు శ్రీశైలం చేరలేదు. నాగర్‌కర్నూలు ఆసుపత్రి నుంచే వెనుదిరిగాము. మరుసటి ఏడు అదే మిత్రుణ్ణి రెండవ స్థానంలో ఉంచుకొని, అతని వేగంతోనే వెళ్లాము. చీకటి పడకముందే ఐదుగురమూ అడవి దాటాము.