కడలిలో కట్టే రేవు, కంటబడని కాగితం

నేలమీద కట్టడం లేస్తే పక్క పొలం రైతు చూస్తాడు. సరిహద్దు రాయి కదిలితే నిలదీస్తాడు. కడలిలో రేవు కట్టేటప్పుడు ఆ వీలు లేదు. అక్కడ సర్వే నంబరు ఉండదు, పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. తరతరాలుగా ఆ నీటిలో వల వేసిన జాలరి చేతిలో హక్కుపత్రమూ ఉండదు. అతని బ్రతుకు ఏమి కానున్నదో తెలిపేవి ప్రభుత్వ దస్త్రాలే. నిర్ణయానికి ముందే వాటిని అతని భాషలో అతని ముందు ఉంచాలన్నదే నా వాదన.

మహారాష్ట్రలో దహాను దగ్గరి వాఢవణ్ రేవునే చూడండి. 76,220 కోట్ల రూపాయల అంచనాతో కేంద్ర మంత్రిమండలి 2024 జూన్‌లో దానిని ఆమోదించింది. ఇందుకు 1,448 హెక్టార్ల సముద్రాన్ని పూడ్చాలి. 10.14 కిలోమీటర్ల పొడవున అలలకు అడ్డుగోడ కట్టాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన దహాను పర్యావరణ పరిరక్షణ ప్రాధికార సంస్థ 1998లో అక్కడ రేవు కూడదన్నది. 2023లో అదే సంస్థ అనుమతించింది. పాతికేళ్ళలో మారినదేమిటి? మంచి కారణాలే ఉండవచ్చు. అయితే అవి మరాఠీలో జాలరి గడపకు చేరాలి కదా! 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం స్థానిక భాషలో ఇవ్వవలసినది సంగ్రహం మాత్రమే. అసలు నివేదిక సాధారణంగా ఇంగ్లీషులోనే మిగిలిపోతుంది.

కచ్ తీరాన ముంద్రా రేవు పరిసరాల్లో వేటపై బ్రతికేవారిలో వాఘేర్ ముస్లింలు ఎందరో ఉన్నారు. కేంద్రం నియమించిన సునీతా నారాయణ్ సంఘం అక్కడి అనుమతి షరతుల ఉల్లంఘనలను 2013లో ఎత్తిచూపి, 200 కోట్ల రూపాయల పునరుద్ధరణ నిధిని సిఫారసు చేసింది. అప్పటికే రేవు వెలసి ఏళ్ళు గడిచాయి.

రేవుల సంగతి దేశభద్రతకు చెందినదనీ, ఒప్పందాలు వ్యాపార రహస్యాలనీ అధికారులు అంటారు. కొంత నిజమే. కానీ సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షన్ మినహాయింపులతో పాటు ప్రజాప్రయోజనాన్నీ తూచమంటుంది. దాచదగిన భాగాన్ని తొలగించి మిగిలినది ఇవ్వమని 10వ సెక్షన్ చెబుతుంది. రేవు ప్రైవేటు సంస్థదైనా, మరో చట్టం కింద ప్రభుత్వం తెప్పించుకోగల సమాచారాన్ని మనమూ కోరవచ్చు.

గుమాస్తాగా పనిచేసినవాడిని కనుక ఒక లోకువ మాట చెబుతాను. "ఎందుకు చేశారు?" అని అడిగితే దరఖాస్తును తిప్పి పంపడం మాకు చాలా తేలిక. ఫలానా నంబరు దస్త్రంలో నోట్ ఫైలు, కరెంటు ఫైలు నకళ్ళు కావాలని రాస్తే తప్పించుకోవడం కష్టం. కారణాలన్నీ నోట్ ఫైలులోనే ఉంటాయి!

మన మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేటల్లోనూ రేవులు లేస్తున్నాయి. పర్యావరణ అనుమతి పొందిన పథకం షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక సమర్పించాలి. అది బహిరంగ పత్రమనీ, కోరినవారికి నకలు ఇవ్వాలనీ 2006 ప్రకటనలోనే ఉంది. ఆ తీరాల్లోని మన సంఘాలవారు ముందుగా ఆ నకలు తెచ్చుకొని, వారం వారం కూర్చుని తెలుగులో చదివి వినిపించాలి. సమాచార దరఖాస్తు రాయలేనివారు నోటితో చెప్పినా, దానిని కాగితంపై పెట్టడంలో తోడ్పడటం అధికారి విధి అని 6వ సెక్షనే అంటోంది.