మూట కట్టకముందు



ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తీరమున మర పడవలకు వేట నిషేధం. మా కొత్తపట్నం తట్టున ఊరు విడిచి పోవాలనే ఆలోచన ఎక్కువగా ఈ రెండు నెలల్లోనే పుడుతుంది. చేతిలో పని ఉండదు, బడులు తెరిచే రోజు దగ్గర పడుతుంది, అప్పు ఇచ్చినవాడు గుమ్మంలో నిలబడతాడు. ఒంగోలులో చిన్న ఉద్యోగం చేసుకొనేవారు సైతం "హైదరాబాదులో జీతం ఎక్కువట" అని మూట కట్టడం మొదలుపెడతారు. వెళ్ళేముందు ప్రార్థన చేయమని పాస్టరును పిలుస్తారు. ప్రార్థన తప్పక చేయవలసిందే. దానితోపాటు ఒక కాగితం, ఒక పెన్ను కూడా దగ్గర పెట్టుకోమని ఈ నెల నా మనవి.

లూకా సువార్త 14వ అధ్యాయంలో, గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొంటాడని ప్రభువు చెప్పారు. ఆ ఉపమానం శిష్యత్వాన్ని గూర్చినదే. అయినా లెక్క చూచుకోవడం అవిశ్వాసమైతే ప్రభువు దానిని ఉదాహరణగా తీసుకొని ఉండరు కదా!

మొదటి సంగతి: జీతాన్ని జీతంతో పోల్చవద్దు. మిగులును మిగులుతో పోల్చండి. ఉదాహరణకు, సొంత ఇంట్లో ఉండి ఒంగోలు వెళ్ళి పనిచేసే సహోదరునికి నెలకు 18,000 రూపాయలు వస్తాయనుకొందాం. బస్సుకు 1,500, ఇంటి సరుకులకు 7,000, ఫీజులకు, ఇతర ఖర్చులకు 4,500 పోగా 5,000 మిగులుతుంది. హైదరాబాదులో 28,000 ఇస్తామన్నారు. అద్దె 9,000, కరెంటు, నీళ్ళు 1,500, సరుకులు 9,500, రాకపోకలు 2,000, ఫీజులు 4,500 అయితే మిగిలేది 1,500. జీతం పదివేలు పెరిగింది, మిగులు మూడువేల ఐదువందలు తగ్గింది! ఇవి నేను వేసిన ఉదాహరణ అంకెలు మాత్రమే. మీ అంకెలు మీరే వేసుకోండి. అడ్వాన్సు, సామాను లారీ కిరాయి, క్రిస్మస్‌కు ఊరికి వచ్చిపోయే ఖర్చు మరువకండి.

అద్దెల తేడా ఎంత ఉంటుందో తెలిసికొనుటకు ఒక గుర్తు ఉన్నది. కేంద్ర ప్రభుత్వం ఇంటి అద్దె భత్యం కొరకు పట్టణాలను మూడు తరగతులుగా విభజించింది. 2024 జనవరి నుండి లెక్క ప్రకారం మూల వేతనంపై హైదరాబాదులో 30 శాతం, గుంటూరు, విజయవాడ, నెల్లూరులలో 20 శాతం, ఒంగోలు వంటి ఊళ్ళలో 10 శాతం. ఒకే ఉద్యోగికి ఒక చోట ఇచ్చే భత్యానికి మరొక చోట మూడింతలు ఇస్తున్నారంటే కారణం ఊహించవచ్చు.

మరొక జాగ్రత్త. లేబర్ బ్యూరో వారు గుంటూరు, హైదరాబాదు వంటి కేంద్రాలకు నెలనెలా ధరల సూచీ ప్రకటిస్తారు. ఒక ఊరి అంకె ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ ఊరిలో ఖర్చు ఎక్కువని కాదు. 2016ను 100గా పెట్టుకొని, అదే ఊరిలో అప్పటినుండి ధరలు ఎంత పెరిగాయో అది చెబుతుంది. ఏ ఊరిలో జీవనం చవకో దానిని బట్టి తేల్చలేము. అక్కడ కాపురముంటున్న మనవారిని అడిగి, బజారుకు వెళ్ళి చూడడమే మేలు.

రెండవ సంగతి: ఇక్కడ డబ్బు పెట్టకుండా దొరికేవాటిని కూడా వ్రాయండి. పడవ ఒడ్డుకు వస్తే ఇంటికి వచ్చే నాలుగు చేపలు, పిల్లవానికి జ్వరమొస్తే పట్టుకొని కూర్చునే నాయనమ్మ, దొడ్లో మునగచెట్టు. అక్కడ వీటన్నిటికీ వెల ఉంటుంది.

మూడవది కాగితాలు. 2019 ఆగస్టు నుండి ఆంధ్ర కార్డుపై తెలంగాణలో రేషన్ తీసుకొనే వీలు వచ్చింది గాని, అది జాతీయ ఆహార భద్రతా చట్టం క్రింద ఉన్న కార్డులకే. మీ కార్డు ఏదో ముందే విచారించండి. 2014 నుండి హైదరాబాదు వేరే రాష్ట్రంలోనిది. పిల్లలు ఏ సంవత్సరాలు ఎక్కడ చదివారన్నదానిని బట్టి కాలేజీ సీట్లలో స్థానికత చూస్తారు. పదవ తరగతికి దగ్గరపడిన బిడ్డ ఉన్నవారు ఈ సంగతి రెండుసార్లు ఆలోచించాలి.

నాలుగవది, అంకెలకు లొంగనిది. అపార్టుమెంటులో వాచ్‌మన్ పనికి వెళ్ళే కుటుంబానికి క్రింద ఒక గది ఇస్తారు. అద్దె లేదు గాని చాలామందికి ఆదివారం కూడా ఉండదు. రూతు గ్రంథంలో ఎలీమెలెకు కరవు వచ్చి బేత్లెహేము విడిచి మోయాబుకు కొంతకాలం ఉండుటకే వెళ్ళాడు. ఆ కొంతకాలం ఇంచుమించు పదేండ్లయింది. నయోమి తిరిగి వచ్చేనాటికి భర్త, ఇద్దరు కుమారులు లేరు. వెళ్ళడం పాపమని ఆ గ్రంథం అనదు. ఎంతకాలమో, ఎప్పుడు తిరిగి రావాలో ముందే అనుకోవాలని మాత్రం మనం నేర్చుకోవచ్చు.

వెళ్ళవద్దని నేననను. 1876–78 కరవులో మన ప్రాంతపు బీదలు ఎందరో ఊళ్ళు విడిచి, క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకొన్న బకింగ్‌హాం కాలువ పనికి వచ్చారు. కూలి దొరికింది, సువార్త వినబడింది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వలసలో కూడా దేవుడు తోడుంటాడు.

కనుక ముందు ఒకరే వెళ్ళి మూడు నెలలు ఉండి, ప్రతి రూపాయి ఒక పుస్తకంలో వ్రాయండి. అంతవరకు ఇల్లు, పడవ అమ్మవద్దు. వడ్డీకి తెచ్చి అడ్వాన్సు కట్టవద్దు. భార్యాభర్తలు కలిసి ఆ లెక్క చూడండి, ఇంట్లో ఉండిపోయే తల్లిదండ్రుల మాట వినండి, నెలకు వారికెంత పంపగలరో ఆ కాగితం మీదనే వ్రాయండి. అప్పుడు మోకాళ్ళూనండి. పోవడానికే మనస్సు కుదిరితే సంఘం నుండి పత్రం తీసుకొని, మొదటి ఆదివారానికి ముందే అక్కడ ఒక మందిరం వెదకుకొనండి.

మీ రాకపోకలయందు ప్రభువు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.