అమ్మ పేరు చెప్పి అడగడం

అమెరికాలోని మాసాచుసెట్స్ రాష్ట్రంలో ఏటా ఆగస్టు మొదట్లో ఒక శని, ఆదివారాలు ఆరు వేల మందికి పైగా సైకిళ్లెక్కుతారు. స్టర్‌బ్రిడ్జ్‌లో బయలుదేరినవాళ్లు ఆ రాత్రికి బోర్న్‌లో ఆగి, మర్నాడు కేప్ కాడ్ కొసన సముద్రపొడ్డునున్న ప్రావిన్స్‌టౌన్ చేరతారు. దారి సుమారు 300 కిలోమీటర్లు. ఈ యాత్ర పేరు పాన్-మాస్ ఛాలెంజ్. వాళ్లు సేకరించిన డబ్బు బోస్టన్‌లోని డానా-ఫార్బర్ కేన్సర్ సంస్థకు వెళుతుంది.

దీన్ని మొదలుపెట్టింది బిల్లీ స్టార్. 1974లో వాళ్లమ్మ మెలనోమా అనే చర్మ కేన్సర్‌తో పోయింది. ఆమెకప్పుడు 49 ఏళ్లు. 1980లో 36 మందిని వెంటబెట్టుకుని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి ప్రావిన్స్‌టౌన్‌కు సైకిళ్ల మీద వెళ్లాడు. ఆ ఏడు వచ్చింది 10,200 డాలర్లు. 2024లో ఒక్క ఏడాదికే 7.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇన్నేళ్ల మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది.

ఈ అంకెల వెనక ఉన్న అసలు పని అడగడం. యాత్రలో చేరే ప్రతి ఒక్కరూ కొన్ని వేల డాలర్లు తెస్తామని ముందే ఒప్పుకోవాలి. తక్కువపడితే ఆ తేడా సొంత జేబులోంచి కట్టాలి. అందుకని నెలల ముందు నుంచే పై అధికారికి, పక్కింటివాళ్లకు, చిన్నప్పటి స్నేహితులకు ఉత్తరాలు రాస్తారు. ఎవరి కోసం తొక్కుతున్నారో అందులో చెబుతారు: అమ్మ, తమ్ముడు, పోయిన కూతురు. తొక్కేవాళ్లలో చికిత్స పొంది బతికినవాళ్లూ ఉంటారు, ఇంకా మందులు వాడుతున్నవాళ్లూ ఉంటారు. కొన్ని సైకిల్ జట్లకు డానా-ఫార్బర్‌లో చికిత్సలో ఉన్న ఒక్కో చిన్నారిని జతచేస్తారు. దారిలో ఒక మజిలీ దగ్గర ఆ పిల్లలు తమ జట్టు కోసం నిలబడి ఎదురుచూస్తారు. ఇంకో మాట కూడా చెప్పాలి. 2007 నుంచి రైడర్లు తెచ్చిన ప్రతి డాలరూ నూటికి నూరు పాళ్లూ ఆసుపత్రికే చేరుతోంది. నిర్వహణ ఖర్చులకు ప్రవేశ రుసుములూ, స్పాన్సర్లిచ్చే డబ్బూ ఉన్నాయి. ఇచ్చినవాళ్లు మరుసటేడు మళ్లీ ఇవ్వడానికి ఈ లెక్కే కారణమని నా నమ్మకం.

మనకు అడగడం చేతకాదా? వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకుని వీధి వీధీ తిరుగుతాం. గుడికి ధ్వజస్తంభం కావాలంటే ఊరంతా కదులుతుంది. కేన్సర్ వచ్చిన ఇల్లు మాత్రం తలుపు వేసుకుంటుంది. బంధువులకు అల్సర్ అని చెబుతారు. బంగారం అమ్ముతారు, తర్వాత పొలం. ఆడపిల్ల సంబంధం చెడుతుందని భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, దాని వెనక ఎంతో అనుభవం ఉంది. చివరికి గత్యంతరం లేక అడిగినప్పుడు ఒక్క మనిషి కోసం, ఒక్కసారి, అదీ చేయిదాటాక అడుగుతాం.

స్టార్ అడగడం మొదలుపెట్టేనాటికి వాళ్లమ్మ లేదు. వచ్చిన డబ్బులో ఒక్క డాలరూ ఆమెకు పనికిరాదు. అయినా ఆమె పేరు చెప్పి, తనకు ముఖం తెలియని రోగుల కోసం అడిగాడు. పోయినవాళ్ల పేరుతో మేలు చేయడం మనకు కొత్త కాదు. వర్ధంతికి అన్నదానం చేస్తాం, బడికి ఫ్యాన్ ఇచ్చి దాని మీద పేరు రాయిస్తాం. కేన్సర్‌తో పోయిన భార్య జ్ఞాపకార్థం ఎన్టీఆర్ తలపెట్టిన బసవతారకం ఆసుపత్రి 2000లో హైదరాబాద్‌లో తెరుచుకుంది. అది పెద్దవాళ్లకు సాధ్యమైన పని. గుమాస్తాకూ, టీచరమ్మకూ తమ అమ్మ పేరుతో పదిమందిని కలుపుకునే దారి మాసాచుసెట్స్‌లో కనిపిస్తోంది.

ఆ డబ్బు అందుకునే డానా-ఫార్బర్‌తో మనకు పాత చుట్టరికమే ఉంది. దాన్ని స్థాపించిన సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ పిల్లలకు 1947లో ఇచ్చిన అమినోప్టెరిన్ మందు లెడర్లే ప్రయోగశాల నుంచి వెళ్లింది. అక్కడ ఆ పరిశోధన నడిపించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జబ్బు ముదిరిన 16 మంది పిల్లల్లో 10 మందికి నెమ్మదించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ నయం కొన్నాళ్లే నిలిచింది కానీ, మందుతో ఈ జబ్బును వెనక్కి నెట్టవచ్చని మొదటిసారి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆయనా జబ్బుకు అయినవాళ్లను పోగొట్టుకున్నవాడే: ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు.

వాళ్ల యాత్రను ఉన్నదున్నట్టు ఇక్కడ దించితే కుదరదు. వాళ్ల డబ్బులో చాలా భాగం పరిశోధనకు పోతుంది. ఇక్కడ ఆపరేషన్‌కూ కీమోకూ ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాలు ఉన్నా, ఊరి నుంచి రానూపోనూ బస్సు ఛార్జీలు, తోడొచ్చిన మనిషి తిండి, ఉండటానికి గది, పోయిన కూలి డబ్బులు ఇంటివాళ్ల మీదే పడతాయి. మన సైకిళ్లు తేవలసిన డబ్బు ముందు వీటికి. ఎండాకాలం వద్దు, సంక్రాంతి వెళ్లాక మొదటి ఆదివారం చాలు. భీమవరంలో తెల్లవారుజామున బయలుదేరి కాలవగట్ల వెంబడి మధ్యాహ్నం లోపు చేరగలిగినంత దూరం. 36 మంది దొరక్కపోతే పన్నెండు మంది. ఒక్కొక్కరూ ఎవరి పేరుతో తొక్కుతున్నారో చొక్కా వీపున రాసుకోవాలి. టీ, టిఫిన్ల ఖర్చు వేరే దాతలది. వచ్చిన మొత్తం, ఏ రోగికి ఎంత చేరిందీ, వారం తిరక్కుండా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి.